కొత్త ల్యాప్‌టాప్‌కు ఆగుతున్నరా? ముందు పాతదాని మూత విప్పండి

జూన్ వచ్చిందంటే నల్లగొండ గడియారం సెంటర్ కాడ, మహబూబ్‌నగర్ న్యూటౌన్ కాడ కంప్యూటర్ షాపులకు వచ్చేటోళ్లు అడిగేది ఒక్కటే: "అన్నా, ఇప్పుడే కొనాల్నా, కొత్త మోడల్ వచ్చేదాక ఆగాల్నా?" షాపాయన జవాబు ఆయన దగ్గరున్న స్టాకును బట్టి ఉంటది. అసలు జవాబులో సగం మాత్రం మీ ఇంట్ల ఉన్న పాత ల్యాప్‌టాప్‌లనే దొరుకుతది. అది ఎందుకు మెల్లగైందో కనుక్కుంటే, ఇంకెన్ని నెలలు దాంతోని నెట్టుకరావచ్చో తెలుస్తది. ఆ లెక్క తెలిసినంక ఆగుడు, కొనుడు తేల్చుకునుడు కష్టం కాదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు బటన్లు ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచిపెట్టి, రోజూ చేసే పనే చేయండి: క్రోమ్‌లో పది ట్యాబ్‌లు, ఒక ఎక్సెల్ ఫైలు, ఒక వీడియో కాల్. అయిదు నిమిషాలు గీతలను గమనించండి.

డిస్క్ గీత వంద శాతానికి అంటుకుపోయి, కింద రీడ్ స్పీడ్ మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలే చూపెడుతుంటే, అక్కడ హెచ్‌డీడీ (పాత రకం హార్డ్ డిస్క్) అని రాసి ఉంటే, రోగం దొరికినట్టే. లోపల గుండ్రటి పళ్లెం తిరుగుతుంటది, దాని మీద సూది అటూ ఇటూ జరుగుతుంటది. పెద్ద సినిమా ఫైలు ఒక్కటి కాపీ చేస్తే అది సెకనుకు వంద ఎంబీల దాకా ఇస్తది. విండోస్ లేచేటప్పుడు కావాల్సినవి మాత్రం వేల కొద్దీ చిన్న చిన్న ముక్కలు. ఒక్కో ముక్క కోసం సూది జరగాలె, పళ్లెం తిరిగి రావాలె. అందుకే ప్రాసెసర్ ఖాళీగా కూసుంటది, మనిషి తెర ముందు కూసుంటడు. దాని బదులు వేసుకునే ఎస్‌ఎస్‌డీలో చిప్పులే ఉంటయి, తిరిగే భాగమే లేదు. ఇట్లాంటి మిషన్‌కు ఎస్‌ఎస్‌డీ వేస్తే నాలుగైదు నిమిషాలు పట్టే స్టార్టింగు అర నిమిషం లోపలికి వస్తది. వేరే ఏ రిపేరూ ఇంత తేడా తేదు.

మెమరీ గీత 85 శాతం దాటి అక్కడే ఉంటే ర్యాం, అంటే నడుస్తున్న పనులను పట్టుకునే మెమరీ, చాలట్లేదు. సరిపోని దాన్ని విండోస్ డిస్క్ మీదికి తోసి మళ్లీ తెచ్చుకుంటుంటది, అందుకే ట్యాబ్ మార్చినప్పుడల్లా ఆగిపోతది. అదే పేజీలో కింద రెండు వరుసలు తప్పకుండా చదవండి. స్లాట్స్ యూజ్డ్ దగ్గర "2లో 1" అన్నట్టు ఉంటే ఒక స్లాట్ ఖాళీ ఉన్నట్టు. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర ఎస్‌ఓ-డిమ్ అని ఉంటే ర్యాం విప్పి మార్చుకోవచ్చు. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అది బోర్డుకే టంకం వేసి ఉన్నది, దాన్ని మార్చే దారి లేదు. ఈ ఒక్క వరుస చదవకుండనే ర్యాం కొనుక్కొని షాపుకు పోయి, వాపస్ తీసుకోమని బతిమాలేటోళ్లు చాలా మంది.

ఇక సీపీయూ, అంటే ప్రాసెసర్. అది వంద శాతంలో ఉంటే ల్యాప్‌టాప్‌లో మార్చేది ఏమీ లేదు, ఇప్పటి ప్రాసెసర్లన్నీ బోర్డుకే అతికి వస్తున్నయి. కానీ అక్కడ స్పీడ్ అన్న అంకె కూడా చూడండి. పని నడుస్తుంటే రెండు మూడు గిగాహెర్ట్జ్ ఉండాల్సింది 0.8 దగ్గరో 0.4 దగ్గరో కట్టేసినట్టు ఉంటే ప్రాసెసర్ పాతదైందని అనుకోవద్దు. అయితే వేడి, కాకపోతే ఛార్జర్. కొన్ని కంపెనీల ఛార్జర్ మూతిలో నడిమిట్ల సన్నని పిన్ను ఉంటది. అది వంగినా విరిగినా మిషన్ ఛార్జర్‌ను గుర్తుపట్టదు, కరెంటు చాలదేమోనని తన స్పీడ్ తనే తగ్గించుకుంటది. ఛార్జర్ పీకేసి చూడండి. స్పీడ్ పెరిగితే ఛార్జర్ మారిస్తే చాలు, కొత్త ల్యాప్‌టాప్ మాట అప్పుడే వద్దు.

వేడి సంగతి మన దిక్కు వేరే చెప్పాలె. మాక్‌బుక్ నడవాల్సిన వాతావరణం 10 నుంచి 35 డిగ్రీలని ఆపిల్ తన వివరాల్లోనే రాస్తది. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం రేకుల ఇంట్ల ఫ్యాన్ కింద 35 ఎక్కడిది? పైంగ పత్తి మిల్లుల నూగు, మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల ఊక దుమ్ము. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. పెద్ద పని లేకుండనే ప్రాసెసర్ 90 దాటుతుంటే మూత విప్పాల్సిందే. ఫ్యాన్‌కు, రాగి పైపు చివరన ఉండే రెక్కలకు నడుమ దుమ్ము గుడ్డపేలిక లెక్క పొరగట్టి ఉంటది. బయటి నుంచి బ్లోయర్‌తో ఊదితే ఫ్యాన్ మీదిది పోతది, ఆ పొర పోదు, ఇంకింత లోపలికి దిగుతది. ఫ్యాన్ స్క్రూలు విప్పి పక్కకు తీస్తే పొర మొత్తం పట్టకారుకు ఒక్క ముక్కగా వస్తది. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటది. మూడు నాలుగేండ్లు దాటిన మిషన్ అయితే థర్మల్ పేస్ట్ కూడా ఎండిపోయి ఉంటది. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్పు మీద ఒక బియ్యపు గింజంత పెడితే చాలు. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడదు.

ఎస్‌ఎస్‌డీ, ర్యాం ఇంట్లనే వేసుకునేటోళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తున్న, తప్పులన్నీ ఇక్కడనే జరుగుతయి కాబట్టి.

ముందు ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌కు ఎక్కించుకోండి. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ (రెండూ డిస్క్‌కు తాళం వేసేటివే) ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, తాళం పూర్తిగా విడిపోయేదాక ఆగండి. కనీసం 48 అంకెల రికవరీ కీ అయినా కాగితం మీద రాసుకోండి. ఈ కీ లేక పెండ్లి ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు పోగొట్టుకున్నోళ్లకు ఏ షాపాయన కూడా ఏమీ చేయలేడు. తర్వాత షట్‌డౌన్ చేసి, ఛార్జర్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు ఒత్తి పట్టుకోండి.

స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ మూలది ఆ మూల పెట్టుకుంటూ పోండి. పొడుగు స్క్రూను పొట్టిదాని గుంతలో బిగిస్తే అవతలి వైపు కీబోర్డు దగ్గర ఉబ్బుతది. కింద రబ్బరు పట్టీలుంటే వాటి అడుగున కూడా స్క్రూలు దాగి ఉండొచ్చు. అన్నీ తీసినా మూత రాకపోతే గుంజొద్దు, ఇంకోటి ఎక్కడో మిగిలి ఉన్నది. లోపల అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలె. వైర్లు పట్టి లాగకుండ ప్లాస్టిక్ కొసను పట్టి జరపాలె. బ్యాటరీ ఉబ్బి ఉంటే, అంటే టచ్‌ప్యాడ్ పైకి లేచి క్లిక్ కాకుండ ఉంటే, దాన్ని గుచ్చుడు, వంచుడు చేయొద్దు. ఛార్జింగ్ ఆపేసి బాగుచేసేటోళ్లకు ఇవ్వండి.

ఎం.2 అనే సన్న పట్టీ లాంటి ఎస్‌ఎస్‌డీలో ఎక్కువగా దొరికేది 2280, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడుగు. కొన్ని మిషన్లలో 2242 మాత్రమే పడుతది. కొలిచి కొనండి. ఇంకో మెలిక: 2015 నుంచి 2017 నడుమ వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎం.2 స్లాట్ ఉన్నా అది పాత రకం సాటా ఎస్‌ఎస్‌డీనే గుర్తుపడుతది, ఎక్కువ స్పీడుండే ఎన్‌వీఎంఈ రకం వేస్తే కనిపించదు. మోడల్ పేరుతో సర్వీస్ మాన్యువల్ వెతికితే ఈ సంగతి రాసి ఉంటది. సాటాది సెకనుకు 550 ఎంబీల దగ్గర ఆగుతది, మూడో జనరేషన్ ఎన్‌వీఎంఈ 3,500 దాకా పోతది. ఈ అంకెలు చూసి సాటా పనికిరాదనుకోవద్దు. హార్డ్ డిస్క్ నుంచి వచ్చినోళ్లకు సాటాతోనే రోజువారీ పనిలో తేడా మొత్తం వచ్చేస్తది.

ఎస్‌ఎస్‌డీనీ ర్యాంనూ 30 డిగ్రీల వాలుతో లోపలికి తోసి, తర్వాత కిందికి వంచాలె. ర్యాం బంగారు గీతలు బయటికి కనపడితే ఇంకా సగమే దిగినట్టు. సరిగ్గా కూసుంటే రెండు దిక్కులా క్లిప్పులు టక్కుమని పడుతయి. అట్ల పడకుండ ఆన్ చేస్తే తెర నల్లగా ఉండి క్యాప్స్‌లాక్ లైటు కొట్టుకోవుడో, బీప్ వచ్చుడో అవుతది. కాలిపోయిందని భయపడొద్దు, తీసి మళ్లీ వేయండి. డీడీఆర్5 (కొత్త తరం ర్యాం) మిషన్లలో ర్యాం మార్చినంక మొదటిసారి కొన్ని నిమిషాలు నల్ల తెరే ఉంటది. కొత్త ర్యాంను బోర్డు పరీక్షించుకుంటుంటది. ఆ టైంలో బటన్ ఒత్తి ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తది.

డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్థానంలో ఒకటి పట్టవు. ల్యాప్‌టాప్ ర్యాం కడ్డీలో పిన్నులే 204, 260, 262గా వేరు, గాటు ఉన్న చోటు కూడా వేరు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పోయేటట్టయితే పాత కడ్డీని జేబులో పెట్టుకొని పోండి, మోడల్ పేరు చెప్పేకన్నా అది చూపెడితే పని తొందరగా అవుతది. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎస్‌డీ అయితే షాపులనే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెట్టించి ఎన్ని గంటలు నడిచిందో, హెల్త్ ఎంత ఉన్నదో చూసి పైసలు ఇవ్వండి.

కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ వేసేటప్పుడు ఇంటెల్ 11వ జనరేషన్, ఆ తర్వాతి మిషన్లలో ఒక్కోసారి డ్రైవే లేదని చూపెడుతది. ఎస్‌ఎస్‌డీ చెడిపోలేదు. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, లోడ్ డ్రైవర్ నొక్కి చూపెడితే వస్తది. లైసెన్సు కోసం మళ్లీ పైసలు ఇవ్వొద్దు. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లకు కీ మదర్‌బోర్డులోనే ఉంటది, అదే ఎడిషన్ వేసి నెట్ తగిలిస్తే తనే యాక్టివేట్ అయితది. క్రాక్ విండోస్ వేయించుకునే అవసరమే లేదు, దాంతోపాటు ఏం లోపలికి వస్తదో ఎవరికీ తెల్వదు.

ఈ ఖర్చు ఎంతవరకు పెట్టొచ్చు? నా లెక్క: అన్నీ కలిపి, కొనాలనుకుంటున్న కొత్త మిషన్ ధరలో మూడో వంతు దాటితే పెట్టొద్దు. ప్రాసెసర్ తరం కూడా చూడాలె. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్ 8వ తరం గానీ రైజెన్ 2000 గానీ ఆపైన ఉండాలె, టీపీఎం 2.0 అనే భద్రత ఏర్పాటు ఉండాలె. ఐ5-8250యు పనికొస్తది, ఐ5-7200యు పనికిరాదు. ఏడో తరం మిషన్‌కు ఎస్‌ఎస్‌డీ వేస్తే స్పీడ్ వస్తది, భద్రత రాదు. ఇంటి వాడకందార్లకు పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకనే. బ్యాంకు పనులు, మీసేవ పనులు చేసే మిషన్ అయితే దాని మీద ఎక్కువ పెట్టకండి. చదువుకునే పిల్లలకు మాత్రం విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టం వేసి ఇస్తే అదే మిషన్ ఇంకో రెండేండ్లు హాయిగా నడుస్తది. పెట్టిన ఎస్‌ఎస్‌డీ వృథా కాదు, తర్వాత చిన్న డబ్బాలో వేస్తే యూఎస్‌బీ డ్రైవ్ అయితది. డీడీఆర్4 ర్యాం మాత్రం కొత్త డీడీఆర్5 మిషన్‌లోకి రాదు, కాబట్టి పాతదానికి ర్యాం తక్కువ కొనండి, ఎస్‌ఎస్‌డీ మంచిది కొనండి.

ఇప్పుడు కొత్త మోడల్ కోసం ఆగుడు సంగతి. అంకె పెరిగిందంటే లోపలి చిప్పు మారిందని అనుకుంటరు. ఇంటెల్ ఐ5-1235యు, ఐ5-1335యు, కోర్ 5 120యు మూడూ తీసుకోండి. మూడింట్ల రెండు పెద్ద కోర్లు (ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు), ఎనిమిది చిన్న కోర్లు, పన్నెండు థ్రెడ్లు. గరిష్ఠ స్పీడ్ 4.4, 4.6, 5.0 గిగాహెర్ట్జ్. పేరు మూడు సార్లు మారింది, ఎక్సెల్ తెరిచేటోళ్లకు తేడా తెలియదు. 1235యు తగ్గింపు ధరకు దొరుకుతుంటే తర్వాతి అంకె కోసం ఆగి నష్టపోవద్దు. అదే 11వ తరం ఐ5-1135జీ7 నుంచి 12వ తరానికి వచ్చినప్పుడు నాలుగు కోర్లు పది అయినయి. ఆనాడు ఆగినోళ్లకు నిజంగ లాభం దక్కింది.

రైజెన్ 7000 ల్యాప్‌టాప్ చిప్పుల్లో మూడో అంకె చూడాలె. 7520యులో మూడోది 2, అంటే జెన్ 2 అనే పాత డిజైను కోరు, నాలుగే కోర్లు, ర్యాం కూడా బోర్డుకే అతికి వస్తది. 7530యులో 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. 7540యులో 4, జెన్ 4. పక్కపక్కనే పెట్టి అమ్ముతున్న 7520, 7530 నడుమ తేడా పదే, దాని వెనక ఇంత ఉన్నది. ధరలో తేడా ఎంతో కనుక్కొని, వీలైతే 7530 వైపే పోండి.

ఏఐ పీసీ అని స్టిక్కర్ ఉన్నవాటి కోసం ఆగుతున్నోళ్లు కూడా ఉన్నరు. కోపైలట్ ప్లస్ అనే గుర్తుకు 40 టాప్స్ (సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు) ఎన్‌పీయూ, అంటే ఏఐ పనుల కోసమే ఉండే చిప్పు భాగం, 16 జీబీ ర్యాం ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు. ఆ 16 జీబీ అందరికీ పనికొస్తది, ఎన్‌పీయూతో ఇప్పుడు మన పనులకు పెద్దగా అవసరం పడదు. వీటిల్లో స్నాప్‌డ్రాగన్ చిప్పు ఉన్నవాటి దగ్గర ఒక్క జాగ్రత్త తప్పనిసరి. బ్యాటరీ బాగా వస్తది, మామూలు ప్రోగ్రాములు నడుస్తయి. కానీ వేలిముద్ర మిషన్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, పాత ప్రింటర్ లాంటివి, ఆర్మ్ అనే ఈ చిప్పు రకానికి చేసిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఉంటెనే పని చేస్తయి. ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకున్నోళ్లు, ట్యాక్స్ ప్రాక్టీషనర్లు ఇది అడగకుండ కొంటే మొత్తం పని ఆగుతది.

ధర తగ్గుతదని ఆగుడు వేరే లెక్క. 2025 చివరి నెలల నుంచి ర్యాం ధరలు బాగా ఎగబాకినయి, ఏఐ డేటా సెంటర్లకు మెమరీ మస్తు కావాల్సి వచ్చి ఫ్యాక్టరీలు అటు మళ్లినయి. మైక్రాన్ 2025 డిసెంబర్‌లో క్రూషియల్ పేరుతో జనానికి అమ్మే ర్యాం, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ల్యాప్‌టాప్ కంపెనీలు కూడా అదే మెమరీ కొనాలె. కాబట్టి 8 జీబీ మోడల్ ఇప్పుడు తీసుకొని తర్వాత ర్యాం చౌకగా వేసుకుందామనే పాత ఉపాయం ఈ రోజుల్లో నడవదు. 16 జీబీతోనే కొనుక్కునుడు మేలు. జీఎస్టీ మీద ఆశ పెట్టుకోవద్దు. 2025 సెప్టెంబర్ 22న ఏసీలు, పెద్ద టీవీలు 28 నుంచి 18 శాతానికి దిగినయి, ల్యాప్‌టాప్‌లు ముందే 18లో ఉండె, అక్కడే ఉన్నయి. దసరా, దీపావళి సేల్ కోసం ఆగుతున్నరా, ఇయ్యాల్టి ధర స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అప్పుడు తగ్గించింది నిజమో కాదో దాంతోనే తేలుతది. క్రెడిట్ కార్డు మీద వడ్డీ లేని ఈఎంఐ అన్నా ఆ వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు పడుతయి, వాటిని కూడా కూడుకోండి.

మరి ఆగుడు ఎప్పుడు మంచిది? తారీఖు తెలిసినప్పుడు. ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో బ్రాంచి ఖాయం అయ్యేదాక ఆగాల్సిందే. కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరంలో సీ, పైథాన్ రాయడానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మెకానికల్, సివిల్ వాళ్లకు సాలిడ్‌వర్క్స్, రెవిట్ విండోస్ మీదనే నడుస్తయి, ముందే మాక్‌బుక్ కొనిపెడితే ఇరుకునపడుతరు. బీకాం పిల్లలకు ట్యాలీ కూడా అంతే. గ్రాఫిక్స్ కార్డు కొనేటోళ్లు పేరుతోపాటు వాట్లు అడగండి. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4050కి కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఏదైనా ఇవ్వొచ్చు, పేరు మాత్రం ఒక్కటే.

మాక్‌బుక్ ఎయిర్ కొత్తది రాబోతున్నదని గట్టి నమ్మకం ఉంటే ఒకటి రెండు నెలలు ఆగొచ్చు. ఎం3 ఎయిర్ 2024 మార్చిలో, ఎం4 ఎయిర్ 2025 మార్చిలో వచ్చినయి. కొత్తది వచ్చిన రోజుల్లో పాత స్టాకు మీద షాపులు ధర దించుతయి, మీరు కొనేది ఆ పాతదే అయినా అప్పుడు కొనుడు లాభం. విండోస్ కంపెనీలు కొత్తవి జనవరిలో లాస్‌వేగాస్‌లో జరిగే సీఈఎస్ ప్రదర్శనలో చూపెడుతరు, మన షాపుల్లోకి వచ్చేసరికి ఇంకొన్ని నెలలు పడుతది. టీవీలో చూసి వచ్చే వారమే దొరుకుతదని ఆగినోళ్లకు ఆ నెలలన్నీ పాత మిషన్‌తోనే గడుస్తయి.

ఊరిని బట్టి అడగాల్సింది ఒకటి ఉన్నది. ఆన్‌సైట్ వారంటీ అంటరు, మీ పిన్‌కోడ్‌కు ఇంజినీరు వస్తడా లేదా కొనకముందే అడిగి రాయించుకోండి. దేవరకొండలో, అచ్చంపేటలో ఉన్నోళ్లు మిషన్ పట్టుకొని హైదరాబాద్ పోవాల్సి వస్తే ఒక రోజు కూలి, బస్సు కిరాయి పోతది. దానికన్నా దగ్గరలో సర్వీసు ఉన్న కంపెనీది వెయ్యి రెండు వేలు ఎక్కువైనా తీసుకోవచ్చు.

కొన్న రోజు డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. ఏడాది దాటిన స్టాకు అయితే ధర ఇంకింత తగ్గించమని అడిగే హక్కు మీకున్నది, డబ్బాలో ఉన్నా బ్యాటరీ ముసలైతనే ఉంటది. బిల్లు మీది సీరియల్ నంబరు, అడుగున ఉన్నది ఒక్కటేనా చూసుకొని కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో చూడండి. పాత తారీఖు చూపెడితే బిల్లు పంపి సరిచేయించుకోవచ్చు. ఇంటికి వచ్చినంక కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. ఒక ఫైలు తయారైతది, అది ఎక్కడున్నదో అక్కడనే చూపెడుతది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ రెండూ దగ్గరదగ్గరగా ఉండాలె, సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు నిండా ఛార్జ్ వాడిందో ఆ లెక్క) ఒకటి రెండుకు మించి ఉండొద్దు. ముప్పై, నలభై చూపెడితే అది ఎవరో వాడిన మిషన్. వాపస్ ఇచ్చే గడువు ఉండంగనే తిప్పి పంపండి.